చెక్కుబందీ సరిగ్గా రాయని దీవులు

గురువారం

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లాకు దగ్గరగా ఉండే పాలనా విభాగం. వాషింగ్టన్ రాష్ట్రంలో అలాంటివి 39. మా అమ్మాయీ అల్లుడూ ఉండే రెడ్‌మండ్ కింగ్ కౌంటీ కిందికి వస్తుంది, అక్కడి జనాభా 22 లక్షల పైమాట. మేం చూడ్డానికి బయల్దేరిన శాన్ వాన్ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం ఉన్నది 17,788 మంది. అంతా దీవులే. ఒడ్డు నుంచి వంతెన లేదు. అయినా దానికో షెరీఫ్, ఓ ట్రెజరర్, ఆస్తుల విలువ కట్టే అసెసర్, దస్తావేజులూ ఎన్నికలూ చూసే ఆడిటర్ ఉన్నారు. అందరూ జనం ఓట్లతో గెలిచినవాళ్లే. తిమింగలాలు కనిపిస్తాయని మా మనవడు రాత్రంతా నిద్రపోలేదు. రెవెన్యూలో తలనెరిసిన నాకేమో ఇంత చిన్న జిల్లా ఎలా నడుస్తుందో చూడాలని ఉబలాటం.

సియాటిల్ నుంచి ఉత్తరానికి సుమారు 80 మైళ్లు వెళితే అనకోర్టెస్ రేవు వస్తుంది. కార్లను దిగబోయే దీవిని బట్టి వరుసలు కట్టిస్తారు: లోపెజ్, షా, ఓర్కస్, ఫ్రైడే హార్బర్. కార్లను ఎక్కించుకునే పెద్ద పడవ ఆగేది ఈ నాలుగు చోట్లే. తక్కిన దీవులకు పోవాలంటే సొంత పడవైనా ఉండాలి, చిన్న విమానమైనా ఎక్కాలి. ఈ పడవలు 1951 వరకు ఒక ప్రైవేటు కంపెనీవి, ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం తీసుకుంది. స్థానికులు వీటిని రాష్ట్ర రహదారిలో ఒక భాగంగానే లెక్కేస్తారు.

ఇక్కడో తమాషా ఉంది. టికెట్టు పడమటికి పోయేటప్పుడే కొనాలి. తూర్పుకు వచ్చే పడవలో కారుకైనా మనిషికైనా అడిగే నాథుడు లేడు. అందుకని తెలిసినవాళ్లు ముందే అన్నిటికన్నా పడమరనున్న ఫ్రైడే హార్బర్‌కు టికెట్టు తీసుకుని, వచ్చేటప్పుడు ఒక్కో దీవిలో దిగుతూ వస్తారు. మా అల్లుడు వేసిన ప్లాను కూడా అదే.

షా దీవి దగ్గర ఒకరిద్దరు దిగారు. ఆ దీవిలో ఉండేది రెండు వందల చిల్లర మంది. 2004 దాకా అక్కడి రేవును ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు నడిపేవారట. తలముసుగు, పొడుగు అంగీ, దాని మీద మెరిసే జాకెట్టు వేసుకుని పడవకు ర్యాంపు దించేవారని పక్కసీటు పెద్దాయన చెబుతుంటే మా ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

శాన్ వాన్ దీవి మీదున్న ఫ్రైడే హార్బర్ జిల్లా కేంద్రం. కౌంటీ మొత్తానికి మున్సిపాలిటీ హోదా ఉన్న ఊరు ఇదొక్కటే, అదీ 1909 నుంచి. జనాభా 2,600 చిల్లర. రేవు నుంచి ఎత్తుకు ఎక్కే వీధిలో దుకాణాలు, కొంచెం పైన కోర్టు. కౌంటీ అంతా గాలించినా ట్రాఫిక్ సిగ్నల్ ఒక్కటీ దొరకదు. సాయంత్రం పడవ వచ్చినప్పుడు మాత్రం ఓ పావుగంట అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు, ఆ తర్వాత మళ్లీ నిశ్శబ్దం.

శుక్రవారం

ఈ రోజంతా పంది కథే. వీలైనంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ కౌంటీ పుట్టుకే అందులో ఉంది.

1846 జూన్ 15న అమెరికా, బ్రిటన్ ఒరెగాన్ ఒప్పందం రాసుకున్నాయి. 49వ అక్షాంశం వెంట హద్దు సముద్రం దాకా పోవాలి. అక్కడి నుంచి ఖండాన్నీ వాంకూవర్ దీవినీ విడదీసే జలమార్గం మధ్యగా దక్షిణానికి తిరగాలి. వినడానికి బాగానే ఉంది. కాని అక్కడ జలమార్గాలు రెండు. పడమర హారో జలసంధి, తూర్పున రొసారియో జలసంధి, రెంటి నడుమా ఈ దీవులు. ఏ మార్గమో కాగితంలో రాయలేదు. అమెరికా హారో అంది, బ్రిటన్ రొసారియో అంది. దస్తావేజులో చెక్కుబందీ రాస్తూ ‘తూర్పున బోదె’ అని వదిలేస్తే, చేను పక్కన రెండు బోదెలుంటే ఏమవుతుందో మా ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా కూడా చెబుతాడు. ఆ రెండు బోదెల మధ్య జాగా కోసం రెండు తరాలు కోర్టుకెక్కుతాయి.

1853 డిసెంబరులో హడ్సన్స్ బే కంపెనీవాళ్లు 1,369 గొర్రెలను ఈ దీవి మీద దించి బెల్ వ్యూ అనే గొర్రెల ఫారం పెట్టారు. కాపర్లలో హవాయి దీవుల నుంచి తెచ్చినవాళ్లు ఎక్కువ. బ్రిటిష్ కంపెనీ వచ్చి కూర్చుంటే అమెరికావాళ్లు ఊరుకోరుగా. అప్పట్లో ఈ దీవులు తమవేనని చెప్పుకునే వాట్‌కమ్ కౌంటీ షెరీఫ్ 1855లో వచ్చి, 80 డాలర్ల చిల్లర పన్ను బకాయి కట్టమన్నాడు. కంపెనీ కట్టలేదు. ఆయన ముప్పైకి పైగా పొట్టేళ్లను జప్తు చేసి, అక్కడే వేలం పెట్టి పట్టుకుపోయాడు. పంది గురించి అందరూ చెబుతారు గాని, నన్నడిగితే అసలు కథ ఈ జప్తుతోనే మొదలైంది. పన్ను వసూలు చేసినవాడిదే భూమి అన్నది ప్రపంచంలో ఏ రెవెన్యూవాడికైనా తెలిసిన సంగతే.

1859 జూన్ 15న, అంటే ఒప్పందం కుదిరిన పదమూడేళ్లకు సరిగ్గా అదే తేదీన, లైమన్ కట్లర్ అనే అమెరికన్ రైతు తన బంగాళాదుంప మళ్లు కుళ్లగిస్తున్న కంపెనీ పందిని కాల్చేశాడు. పది డాలర్లిస్తానన్నాడు. ఫారం చూసే చార్లెస్ గ్రిఫిన్ వంద అడిగాడు. మాటా మాటా పెరిగింది. కట్లర్‌ను పట్టుకుపోయి బ్రిటిష్ కోర్టులో నిలబెడతారన్న భయంతో అక్కడి అమెరికన్లు సైన్యాన్ని పిలిచారు. జులై 27న కెప్టెన్ జార్జ్ పికెట్ 66 మందితో దిగాడు. వాంకూవర్ దీవి గవర్నరు జేమ్స్ డగ్లస్ యుద్ధనౌకల్ని పంపాడు. ఆగస్టు పదికల్లా ఒడ్డున 461 మంది అమెరికన్లు, 14 ఫిరంగులు. ఎదురుగా నీళ్లలో అయిదు బ్రిటిష్ నౌకలు, 70 ఫిరంగులు, 2,140 మంది. ఒక పంది తగాదా కోసం రెండు మహాదేశాల్ని యుద్ధంలోకి దించేది లేదని రియర్ అడ్మిరల్ రాబర్ట్ బేన్స్ తెగేసి చెప్పకపోతే ఏమయ్యేదో. తుపాకి పేలలేదు. చచ్చింది పంది ఒక్కటే.

అమెరికన్ క్యాంప్ అని ఇప్పుడు పిలిచే చోట మిగిలినవి ఒకటి రెండు తెల్ల చెక్క ఇళ్లు, మట్టితో కట్టిన బురుజు. గాలి ఆగదు. ఎండిన గడ్డి సముద్రం దాకా పరుచుకుని ఉంటుంది, అందులో ఎక్కడ పడితే అక్కడ కుందేళ్ల బొరియలు. కుందేళ్లను ఎవరో తెచ్చి వదిలారు. అవి ఎక్కువయ్యాయని తర్వాత నక్కల్ని తెచ్చారు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. మేం నడుస్తుంటే నల్లటి నక్క ఒకటి బాట పక్కనే కూర్చుని, మమ్మల్ని పట్టించుకోకుండా చెవి గోక్కుంది.

మట్టి బురుజు కట్టించింది హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే కుర్ర ఇంజినీరు లెఫ్టినెంటు. సభలు ఎలా నడపాలి, తీర్మానం ఎలా పెట్టాలి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలి అన్న నియమాలను తర్వాత పుస్తకంగా రాసి అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నది ఇతనే. పికెట్ సంగతి వేరు. నాలుగేళ్ల తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన గెటీస్‌బర్గ్‌లో అతని దళం నాశనమైంది.

అమెరికా సైన్యాధిపతి జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ వచ్చి మధ్యస్థం చేశాడు. తగువు తేలేదాకా దీవిని ఇద్దరూ కలిసి అట్టేపెట్టుకోవాలని ఒప్పందం. 1860 మార్చిలో బ్రిటిష్ నావికాదళ సైనికులు దీవి ఉత్తరాన గారిసన్ బే ఒడ్డున దిగారు. అది ఇంగ్లిష్ క్యాంప్. పన్నెండేళ్లు ఒకరి పండగలకు ఒకరు వెళ్లారు, గుర్రప్పందేలు ఆడుకున్నారు. అమెరికావాళ్లది గాలిదెబ్బ తగిలే బోడి మైదానం, బ్రిటిష్‌వాళ్లది చెట్ల నీడన నిశ్చలమైన అఖాతం. స్థలం ఎంచుకోవడంలో దొరలకు సాటి లేరు, కాకినాడ రేవు దగ్గర వాళ్ల పాత బంగళాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ అందమైన కవాతు మైదానం కింద ఏముందో ఒడ్డుకు దిగితే తెలుస్తుంది. గట్టు కోసుకుపోయిన చోట మట్టిలో తెల్లగా గుల్లలు, పొరలు పొరలుగా. ఇక్కడి ఆదివాసులైన కోస్ట్ సాలిష్ జనం వందల ఏళ్లు అక్కడ ఊరు కట్టుకుని తిని పారేసిన ఆల్చిప్పలవి. 1855లో పాయింట్ ఎలియట్ ఒప్పందంతో లమ్మీ తదితర తెగల చేత అమెరికా ఈ నేలలు రాయించుకుంది. అలా రాయించుకున్న నాలుగేళ్లకే దాని కోసం ఇంకొకడితో కయ్యానికి దిగింది. రెండు క్యాంపుల్లోనూ ఫలకాలు చాలా ఉన్నాయి. నాకు నచ్చిన ఫలకం మాత్రం ఆ గుల్లల గట్టే.

చివరికి తగువు జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్ దగ్గరికి పోయింది. ఆయన ముగ్గురు నిపుణుల్ని కూర్చోబెట్టి, 1872 అక్టోబరు 21న హారో జలసంధే హద్దని తేల్చాడు. నెల దాటిన కొద్ది రోజులకే బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయారు. ఏడాది తర్వాత, 1873 అక్టోబరు 31న, వాట్‌కమ్ నుంచి విడదీసి శాన్ వాన్ కౌంటీ ఏర్పాటు చేశారు. ఇంగ్లిష్ క్యాంప్‌లో ఇప్పటికీ బ్రిటిష్ జెండా ఎగురుతుంది. దాన్ని రోజూ ఎగరేసేది అమెరికా ప్రభుత్వ ఉద్యోగులే.

శనివారం

పొద్దున రోష్ హార్బర్. 1886లో జాన్ మెక్‌మిలిన్ అనే ఆయన ఇక్కడ సున్నం కంపెనీ పెట్టాడు. సున్నపురాయి తవ్వడం, బట్టీల్లో కాల్చడం, పీపాల్లో నింపి ఓడలకెక్కించడం. ఇళ్లు కంపెనీవే, కొట్టు కంపెనీదే, జీతంలో కొంత కంపెనీ కొట్లో మాత్రమే చెల్లే చీటీల రూపంలో. అప్పటి హోటలు ఇంకా నిలబడి ఉంది. ఇప్పుడు రేవు నిండా కోట్ల విలువచేసే పడవలు.

అడవిలో మెక్‌మిలిన్ కుటుంబ సమాధి చూడాల్సిందే. చుట్టూ ఎత్తైన స్తంభాలు, నడుమ గుండ్రటి రాతి బల్ల, దాని చుట్టూ ఆరు రాతి కుర్చీలు. ఒక్కో కుర్చీ అడుగున ఒక్కొక్కరి చితాభస్మం. ఒక స్తంభాన్ని కావాలనే విరిగినట్టు కట్టారు. చావు వచ్చి ఆపేసిన పనికి గుర్తట. ‘తాతయ్యా, వీళ్లు రాత్రిపూట భోజనానికి కూర్చుంటారా?’ అన్నాడు మావాడు. కట్టించినాయన ఉద్దేశం కూడా అదే అయుంటుంది.

మధ్యాహ్నం లైమ్ కిల్న్ పార్కు. రాళ్ల మీద కూర్చుని పులిహోర తిని, హారో జలసంధి వైపు చూస్తూ ఉండిపోయాం. 1919 నాటి దీపస్తంభం పక్కనే ఉంది. ఎదురుగా కనిపించే కొండలు కెనడా. ఈ నీళ్లలో సాల్మన్ చేపలు తిని బతికే ఓర్కా తిమింగలాలు ఇప్పుడు డెబ్బై పైచిలుకే మిగిలాయి. 1960, 70ల్లో వలలేసి పిల్లల్ని పట్టి ఆక్వేరియాలకు అమ్మారు. ఇప్పుడేమో వాటికి కావాల్సిన చినూక్ సాల్మన్ దొరకడం లేదు. 2005లో అంతరించే జాబితాలో చేర్చారు. ఆ రోజు అవి రాలేదు. రెండు సీళ్లు తలలు పైకెత్తి మావాణ్ని కొంత ఓదార్చాయి.

ఈ పార్కు గొడవ లేకుండా ఉండటానికి కౌంటీ తీసుకున్న ఒక నిర్ణయం కూడా కారణమే. 1996లో తన నీళ్లలో జెట్‌స్కీలను నిషేధించింది. అద్దెకిచ్చే వ్యాపారులు కోర్టుకెళ్లారు. 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టు కౌంటీ పక్షానే తీర్పిచ్చింది. చిన్న జిల్లా కదా అని తీసిపారేయడానికి లేదు.

ఊళ్లోకి తిరిగొచ్చే దారిలో మా అమ్మాయి కారాపించింది. అఖాతానికి అవతల వాషింగ్టన్ యూనివర్సిటీ సముద్ర పరిశోధనశాల ఉంది, 1904లో మొదలైంది. 1961లో ఒసాము షిమొమురా అనే జపాన్ శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, రేవు చెక్కల మీద నిలబడి చేతి వలతో వేల కొద్దీ జెల్లీచేపల్ని పట్టాడు. వాటి అంచుల్ని కత్తిరించి, పిండి, వెలుగునిచ్చే పదార్థాన్ని వేరుచేశాడు. దానితోపాటే దొరికిందొక పచ్చగా మెరిసే ప్రోటీను. ఇవాళ జీవకణాల్లో ఏం జరుగుతోందో చూడటానికి ప్రపంచమంతా దాన్నే వాడుతుంది. 2008లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ‘నాన్నా, నా ఎమ్మెస్సీ ప్రాజెక్టంతా ఈ ప్రోటీనుతోనే’ అంది. దాని ఫీజు కట్టింది నేనే గాని, ఆ సంగతి నాకు తెలిసింది ఇప్పుడే.

ఆదివారం

ఓర్కస్‌కు పొద్దుటి పడవ. ఇది గుర్రపు నాడా ఆకారంలో ఉండే కొండల దీవి. మౌంట్ కాన్‌స్టిట్యూషన్ మీదికి కారు పోతుంది, ఎత్తు 2,400 అడుగులు. పైన 1936 నాటి రాతి బురుజు. మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పని కల్పించిన కుర్రాళ్లు కట్టారు. అక్కడి నుంచి చూస్తే ఈ కౌంటీ భూగోళం పాఠం చెప్పక్కర్లేకుండా అర్థమైపోతుంది. తూర్పున మంచు కప్పుకున్న మౌంట్ బేకర్, ఉత్తరాన వాంకూవర్ నగరం మేడలు, కింద చెల్లాచెదురుగా దీవులు. పోటు దిగినప్పుడు తేలే రాళ్లతో కలిపి లెక్కపెడితే నాలుగు వందలు దాటతాయట. మొత్తం నేల 174 చదరపు మైళ్లు, రాష్ట్రంలో ఇంతకన్నా చిన్న కౌంటీ లేదు.

నైరుతిన ఒలింపిక్ పర్వతాలు. సముద్రపు మబ్బులు తమ నీళ్లన్నీ అక్కడే కుమ్మరించి, ఈ దీవుల మీదికి వట్టి చేతులతో వస్తాయి. లోపెజ్ దక్షిణ కొసన ఏడాదికి ఇరవై అంగుళాల వాన కురిస్తే గొప్ప, ఈ కొండ మీద మాత్రం నలభై దాటుతుంది. వర్షానికి పేరుపడ్డ సియాటిల్‌కు ఇంత దగ్గర్లో నాగజెముడు పెరుగుతుందంటే నమ్మలేదు గాని, రాళ్ల సందున కాలికి గుచ్చుకున్నాక మా అల్లుడు నమ్మాడు.

ఈ కొండ ఉన్న పార్కు రాబర్ట్ మోరాన్ అనే ఓడల తయారీదారు చలవ. 1889లో సియాటిల్ తగలబడ్డప్పుడు నగర మేయరు ఆయనే. గుండె జబ్బుతో ఎంతో కాలం బతకడని డాక్టర్లు చెబితే వ్యాపారం అమ్ముకుని ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. 1921లో వేల ఎకరాలు రాష్ట్రానికి రాసిచ్చాడు. పోయింది 1943లో.

రాత్రి మేం దిగిన ఇంటి పెద్దావిడ ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉంటోంది. అమ్మాయి మధ్యవర్తిగా ఆమెను గంటసేపు ప్రశ్నలతో చంపాను. పూర్వం కౌంటీని నడపడానికి ముగ్గురు కమిషనర్లుండేవారు. 2005లో జనం ఓటేసి సొంత చార్టర్, అంటే పాలనా నియమావళి, రాసుకున్నారు, కౌన్సిల్లో ఆరుగురయ్యారు. ఎక్కువయ్యారనిపించి 2012లో మళ్లీ ముగ్గురికి దించారు: శాన్ వాన్‌కు ఒకరు, ఓర్కస్ వైపు ఒకరు, లోపెజ్, షా కలిపి ఒకరు. ఎవరు ఏ దీవివారైనా ఓటు మాత్రం కౌంటీ అంతా వేస్తుంది. పార్టీ గుర్తులుండవు. 2023 అక్టోబరు నుంచి ఎక్కువమంది ఉద్యోగులకు వారానికి 32 గంటలే పని. జీతాలు పెంచే స్తోమత లేక సమయం ఇచ్చారన్నమాట. మా తాలూకా ఆఫీసులో ఇది చెబితే ఎవరూ నమ్మరు.

నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. 1990 నుంచి ఇక్కడ ఎవరు ఆస్తి కొన్నా ధరలో ఒక శాతం ల్యాండ్ బ్యాంకుకు కట్టాలి. ఆ డబ్బుతో కౌంటీ కొండలు, ఒడ్లు, పొలాలు కొని జనానికి తెరిచి ఉంచుతుంది. ఓటర్లు దాన్ని మళ్లీ మళ్లీ పొడిగించారు. మనకు భూమి కొనడం తెలుసు, సేకరించడం తెలుసు, కాపాడటానికి కొనడం నేను సర్వీసులో చూడలేదు. కాని దీని నీడ కూడా ఉంది. అందం కాపాడేకొద్దీ ధర పెరుగుతుంది. బడి టీచరుకూ, పడవ కళాసీకీ ఇల్లు అందదు. ‘మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇక్కడ మాత్రం ఉండలేడు’ అందావిడ. 2018లో ఇంకో అర శాతం పన్నుకు, అందుబాటు ధర ఇళ్ల కోసం, జనమే ఒప్పుకున్నారు. అందులో ఎక్కువ భాగం కొనేవాళ్లు కట్టాలి. సరిపోతుందని ఆవిడకు నమ్మకం లేదు. రాష్ట్రంలో ముసలివాళ్లు ఎక్కువున్న కౌంటీల్లో ఇదొకటి. నాకూ నమ్మకం కుదరలేదు.

సోమవారం

లోపెజ్ చదునుగా, పొలాలతో, గొర్రెలతో ఉంటుంది. ఎదురొచ్చే ప్రతి కారులోనివాళ్లూ స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లెత్తి పలకరిస్తారు. మొదటి మైలులోనే మా అల్లుడికి అలవాటైపోయింది.

అగేట్ బీచ్ దగ్గర కారు వదిలి ఐస్‌బర్గ్ పాయింట్ దాకా నడిచాం. 2013లో ఒబామా ప్రకటించిన జాతీయ స్మారక ప్రాంతంలో ఇది భాగం. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో సగంలో రాయి మీద కూర్చుండిపోయింది. కొసన, గడ్డీ గాలీ తప్ప ఏమీ లేని చోట, మనిషెత్తు కన్నా కాస్త పొడుగ్గా తెల్లటి స్తంభం ఒకటి ఉంది. సర్వే రాయి! హద్దు నీళ్ల మధ్యన పోతుంది, నీళ్లలో రాయి పాతలేం. అందుకని 1908 ఒప్పందం కింద సరిహద్దును మళ్లీ కొలిచినప్పుడు ఒడ్డున ఇలాంటి గురుతులు కట్టి, వీటి నుంచి కొలతలు రాసుకున్నారు. 1846లో ఒక్క జలసంధి పేరు రాసుంటే తప్పేదానికి, అరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఫొటో తీయమంటే అమ్మాయి విసుక్కుంది, ‘ఇంత దూరం వచ్చి రాయితో ఫొటో ఏంటి నాన్నా’ అని. తీయించుకున్నాను. సర్వే డిపార్టుమెంటులో పనిచేసిన మిత్రులకు వాట్సాప్‌లో పంపితే, కొలతల పుస్తకంలో ఎంట్రీ ఉందా అని ఒకాయన అడిగాడు.

వెళ్లదలచుకున్నవాళ్లకు: వేసవిలో పడవకు ముందే రిజర్వు చేసుకోవాలి, లేకపోతే కారుతో రేవులోనే పొద్దుపోతుంది. తూర్పుకొచ్చే దారిలో ఒక్కో దీవికీ ఒక రోజైనా ఇవ్వండి. శాకాహారులు బియ్యం, చిన్న కుక్కరు వెంట తీసుకెళ్లడం మంచిది.